ఐదు మిల్లీమీటర్ల మందం

మార్చి 3, సోమవారం. కోదాడ

ఇరవై రెండు నిమిషాలు. అంతకంటే నిలవలేకపోయాను.

క్వారీ గుంతలో పై నీళ్లు వేడిగా ఉన్నాయి. పది మీటర్లు దిగగానే గీత గీసినట్టు చలి మొదలైంది. చేతి గడియారం పైన ఇరవై తొమ్మిది డిగ్రీలు చూపించింది, అడుగున ఇరవై ఒకటి. ఒడ్డున ఇరవై ఒకటి అంటే ఎవరికీ చలి కాదు. చీకట్లో, కదలకుండా, బురదను చేత్తో తడుముతూ ఉంటే మాత్రం ఎముకలోకి దిగుతుంది.

ఒంటి మీద మూడు మిల్లీమీటర్ల సూట్. విశాఖ హార్బర్‌లో ఓడల అడుగులు గీకిన రోజుల నాటిది. మోకాళ్ల దగ్గర రబ్బరు పలచబడింది. పదకొండేళ్లుగా సాగర్ కాలువలో అదే. శవాలు తీశాను, ట్రాక్టర్లు తీశాను, గేట్లకు పట్టిన చెత్త తీశాను. ఎప్పుడూ వణకలేదు. కాలువ నీళ్లు పారుతుంటాయి, వాటితో కొట్లాడుతుంటే ఒళ్లు వేడిగానే ఉంటుంది. గుంతలో కొట్లాట లేదు. తడమడమే.

శంకర్ దొరకలేదు.

మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ. బాయిలర్ దగ్గర కాలిపోయిన ఒక మనిషి కోసం పరిహారం అడుగుతూ మిల్లు గేటు ముందు కూర్చున్నాడని పోయిన నెల కొట్టి చంపారు. ఇద్దరు ఒప్పుకున్నారు. రాడ్లతో కొట్టి, టార్పాలిన్‌లో చుట్టి, రాళ్లు కట్టి ఈ గుంతలో వేశామన్నారు. ఆ కాగితం సి.ఐ. సార్ నాకు చదివి వినిపించాడు. తల మీద ఎన్ని దెబ్బలో కూడా ఉంది అందులో. వినకుండా ఉండాల్సింది. అడుగున ప్రతి రాయీ తలలాగే తగిలింది.

వాళ్లమ్మ నర్సమ్మ పొద్దున్నుంచి ఒడ్డునే కూర్చుంది. నేను పైకి వచ్చి పళ్లు కొట్టుకుంటుంటే దగ్గరికి వచ్చింది.

"గంత సలి ఉంటదా బిడ్డా లోపట?"

ఉంటుంది అన్నాను. ఇంటికి వచ్చాక అర్థమైంది... ఆమె అడిగింది నా గురించి కాదు.

మార్చి 4, మంగళవారం

విశాఖకు ఫోన్. నాకు డైవింగ్ నేర్పిన మాస్టారు. ఇప్పుడు నీళ్లలోకి దిగడు, గొంతు మాత్రం అదే.

లోతు చెప్పాను. ఇరవై నాలుగు మీటర్లు.

"మూడుతో దిగావా? బుద్ధుందా నీకు? నీళ్ల వేడి ఒక్కటే చూస్తే ఎలారా. ఎంత లోతు, ఎంతసేపు, ఈదుతావా, ఒక్కచోటే ఉంటావా, అన్నీ చూడాలి. లోతుకెళ్లే కొద్దీ ఆ రబ్బరులో గాలంతా నలిగిపోద్ది. నీ మూడు అక్కడ ఒకటి కూడా కాదు."

మరి ఏడు మిల్లీమీటర్లది? అన్నాను.

"ఏడు తొడిగితే ఒడ్డు మీదే ఉడికిపోతావు. మోచెయ్యి ముడవలేవు. నీది చేత్తో వెతికే పని. ఐదు చాలు."

తన ఐదు మిల్లీమీటర్ల సూట్ బస్సు పార్సిల్‌లో వేస్తానన్నాడు. మునగడానికి నడుము బెల్టుకు కట్టే సీసం గురించి రెండుసార్లు చెప్పాడు. మందపు సూట్ పైకి తేలుస్తుంది, కాబట్టి పాత బెల్టు చాలదు. అలాగని సముద్రంలో కట్టినంత మంచినీళ్లలో కడితే రాయిలా పోతాను. చూసి కట్టుకోవాలి.

మార్చి 6, గురువారం

బయటి నుంచి ఇద్దరు డైవర్లను రప్పించారు. కొత్త సూట్లు, మూడు మిల్లీమీటర్లవే. ఒక్కసారి దిగారు, పావుగంటలో పైకి వచ్చారు. అడుగున ఏమీ కనబడదని రాసి ఇచ్చి భోజనానికి ముందే వెళ్లిపోయారు. ఒకడి పెదవులు నీలంగా ఉన్నాయి. పాపం అనిపించింది. కోపం కూడా వచ్చింది.

సి.ఐ. సార్: "శవం లేకపోతే బెయిల్ వస్తది సైదులూ. బయటికొస్తే సాక్షులు ఉండరు."



మార్చి 7, శుక్రవారం

సూట్ వచ్చింది. తొడుక్కోవడానికి పది నిమిషాలు. కవిత వెనక జిప్పు లాగుతూ, మోకాలు నా నడుముకు ఆనించి, "ఎండలు మండుతుంటే రగ్గు కప్పుకుంటున్నవ్" అని నవ్వింది. చెమట కాళ్ల దాకా కారింది.

మధ్యాహ్నం వెంకన్నతో గుంత దగ్గరికి పోయి, ఒడ్డున లోతు తక్కువ చోట బెల్టు సరిచూసుకున్నాను. పాతదానికి మూడు కిలోలు కలిపితే కళ్ల వరకు మునిగాను. సరిపోయింది.

వెంకన్న కవిత తమ్ముడు. ఆరేళ్లుగా నా తాడు పట్టేది వాడే. ఒక లాగు అంటే బాగున్నాను. రెండంటే వదులు. మూడంటే పైకి తియ్యి. అడుగున ఏమీ కనబడనప్పుడు ఆ తాడే నాకు కన్ను. నీళ్లలో నేను వెంకన్నను నమ్మినంతగా ఒడ్డున ఎవరినీ నమ్మను.

మార్చి 9, ఆదివారం. సూర్యాపేట, దవాఖాన

నిన్నటిది రాయాలి. ఎడమ వైపు ఊపిరి అందడం లేదు. మెల్లగా.

దిగాను. ఐదు మిల్లీమీటర్ల సూట్ తేడా వెంటనే తెలిసింది. వేళ్లు కదులుతున్నాయి, బుర్ర పని చేస్తోంది. ఉత్తరం గోడ వెంబడి మీటరు మీటరు తడుముకుంటూ పోయాను. ఇరవై నిమిషాలప్పుడు తాడు ఒకసారి లాగాను. జవాబు లేదు. మళ్లీ లాగాను. తాడు నా మీదికే వచ్చింది, చుట్టలు చుట్టలుగా భుజాల మీద పడుతూ.

పైన ఎవరూ పట్టుకోలేదు.

ఆగి ఆగి పైకి వచ్చాను. వెంకన్న లేడు. కాపలా కానిస్టేబుల్ మునగాల ధాబాకు టిఫిన్‌కు పోయాడట. ముగ్గురు మనుషులు నిలబడి ఉన్నారు, ముఖాలకు తువ్వాళ్లు కట్టుకుని. వీపు మీద సిలిండర్, నడుముకు సీసం, కాళ్లకు ఈత రెక్కలు. పరుగెత్తలేను. కనీసం నిలబడలేను.

మొదటి దెబ్బ మెడ మీద. రెండోది పక్కటెముకల మీద, ఇనుప రాడ్డు. మూడోదీ అక్కడే. లోపల ఏదో విరిగిన చప్పుడు చెవితో కాదు, ఒంటితో విన్నాను. ఒకడు నా కుడిచేతి వేళ్ల మీద బూటుతో నిలబడ్డాడు. ఇంకొకడు మాస్కు పీకి, జుట్టు పట్టి తలను నీళ్లలో ముంచాడు. పైకి తీశాడు. మళ్లీ ముంచాడు. వాడికి తొందరేమీ లేదు.

"శవాలు కావాల్నా నీకు? కాల్వల మస్తున్నయ్, పోయి తీస్కో. గీ గుంతల మాత్రం మళ్ల దిగకు."

కత్తి తీసి చంక నుంచి తుంటి దాకా సూట్ చీరాడు. కింద చర్మం కూడా తెగింది. రబ్బరు మందంగా ఉండబట్టి పేగులు బయటికి రాలేదని ఇందాక కుట్లు వేసిన డాక్టర్ అన్నాడు.

ఆ రోజూ ఒడ్డునే ఉన్న నర్సమ్మ రాళ్లు విసిరింది. అరవలేదు. వరుసగా, ఒకదాని తర్వాత ఒకటి ఏరుకుని విసిరింది. ఒకడి కణతకు తగిలి రక్తం కారింది. వాడు ఆమెను గుండెల మీద తన్నాడు. పడి, లేచి, మళ్లీ రాయి అందుకుంది. ఇంతలో రోడ్డు మీద లారీ ఆగింది. వాళ్లు వెళ్లిపోయారు.

నన్ను బయటికి ఈడ్చింది ఆమే.

రెండు ఎముకలు చిట్లాయి. ఆరు వారాలు నీళ్లలోకి వద్దన్నారు.

మార్చి 10, సోమవారం. ఇల్లు

తుమ్ము వచ్చింది. చచ్చిపోతే బాగుండు అనిపించింది.

మార్చి 11, మంగళవారం

వెంకన్న వచ్చాడు. గడప దగ్గరే నిలబడ్డాడు.

"బావా... నా బిడ్డ స్కూల్ బస్సు ఆపిన్రు. బిడ్డను కిందికి దింపి ఫోన్‌ల నాకు సూపెట్టిన్రు. తాడు ఇడిసిపెట్టి పో అన్నరు. నేనేం చెయ్యాలె బావా."

నేను చాప మీద కూర్చుని ఉన్నాను. పక్కన బెల్టు, సీసం దిమ్మెలు. ఒక దిమ్మె చేతిలోకి ఎప్పుడు వచ్చిందో తెలియదు. లేచాను. ఎముకలు కలుక్కుమన్నాయి, ఆ నొప్పితోనే ఇంకా బలం వచ్చింది. కొట్టాను. వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. మణికట్టు విరిగింది. మళ్లీ కొట్టాను, విరిగిన చేతి మీదే. వాడు అరుస్తున్నాడు కానీ పారిపోవడం లేదు. మూడోసారి ఎత్తాను... కవిత మధ్యలోకి వచ్చింది.

తల కోసమే ఎత్తాను. చెయ్యి అడ్డం వచ్చింది గనక చెయ్యి విరిగింది. ఇది ఈ పేజీకి తప్ప ఎవరికీ చెప్పను.

మార్చి 12, బుధవారం

కవిత మాట్లాడదు. అన్నం పెడుతుంది, మందులు పెడుతుంది.

సాయంత్రం ఒకే మాట. "వాని చెయ్యి ఇరగ్గొట్టినవ్. మిల్లోళ్లు నీకు చేసిందే నువ్వు వానికి చేసినవ్."

నిన్ను నీళ్ల అడుగున వదిలేస్తే తెలిసేది అన్నాను.

"నా మేనకోడలు గురించి ఏమనలేదు నువ్వు. బాగుందా అని గూడ అడగలే."

నిజమే. అడగలేదు.

మార్చి 14, శుక్రవారం

సి.ఐ. సార్ ఇంటికి వచ్చాడు. ముగ్గురూ దొరకలేదు. ఒకటి మాత్రం ఆయనకూ అంతుబట్టడం లేదట.

"చంపినోళ్లు ఒప్పుకున్నరు. జాగ గూడ వాళ్లే చూపెట్టిన్రు. శవం దొరకొద్దనుకుంటే చూపెట్టరు గద. మళ్ల మిల్లోళ్లు కిరాయి మనుషులను పెట్టి నిన్నెందుకు ఆపుతున్నరు, అదే సమజైతలేదు."

నాకూ అర్థం కాలేదు. ఊపిరి పీల్చుకోవడమే పెద్ద పనిగా ఉంది.

మార్చి 16, ఆదివారం

నర్సమ్మ బస్సులో వచ్చింది. రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని నడుస్తోంది, తన్నినచోట. నేనూ పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని నడుస్తున్నాను. ఒకరినొకరు చూసుకున్నాం.

"నువ్వు దిగకున్నా నేనేమనుకోను బిడ్డా. సచ్చినంత పనైంది నీకు. గది చెప్పిపోదామని వచ్చిన."

గోడకు వేలాడుతున్న చిరిగిన సూట్ దగ్గరికి పోయి వేళ్ల మధ్య పట్టి చూసింది, గుడ్డ నాణ్యం చూసినట్టు.

"గిది తొడిగితే సలి పెట్టదా?"

తక్కువ పెడుతుంది అన్నాను.

"మావోడు సలికి ఓర్వడు. సిన్నప్పటి సంది."

చాయ్ తాగకుండానే వెళ్లిపోయింది. కవిత ఆమెను బస్టాండ్ దాకా దింపి వచ్చింది. వచ్చాక నాతో మామూలుగా మాట్లాడింది. నాలుగు రోజుల తర్వాత.

మార్చి 17, సోమవారం

రెండు సూట్లూ మంచం మీద పరిచాను.

మూడుది వదులు. ఊపిరి ఆడుతుంది, ఎముకలు నొక్కుకోవు. కానీ పది నిమిషాల్లో వణుకు మొదలవుతుంది. విరిగిన ఎముకలతో వణకడం అంటే లోపల ఎవడో కత్తి తిప్పుతున్నట్టు ఉంటుంది. వణికితే గాలి రెండింతలు తాగుతాను. ముప్పై నిమిషాల సిలిండర్ పదిహేనుకే ఐపోతుంది.

ఐదుది బిగుతు. తొడిగితే ఎడమ ఊపిరితిత్తి సగమే నిండుతుంది. అడుగున రబ్బరు నలిగాక ఆ బిగువు తగ్గుతుంది, కానీ అప్పుడు తేలే గుణం కూడా పోతుంది. మూడు కిలోల ఎక్కువ సీసంతో అక్కడి నుంచి కాళ్లు ఆడించి పైకి రావడం నా వల్ల కాదు. పైన ఎవరో లాగాలి.

మాస్టారు ఫోన్‌లో బూతులు తిట్టాడు. చివరికి అన్నాడు, "వెళ్లి తీరతానంటే ఐదే. పైకొచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకు. నొప్పికి బిగబడతావు, జాగ్రత్త. బిగబడితే ఊపిరితిత్తి పగులుద్ది."

పాత మూడు మిల్లీమీటర్ల సూట్ వీపు భాగం కత్తిరించాను. అది ఐదుదాని చీలికకు లోపల అతుకు. పంక్చర్ షాపు నుంచి సొల్యూషన్ డబ్బా తెచ్చాను. వల కుట్టే దారంతో కవిత పైనుంచి కుట్టింది. సూది దిగక వేలికి రక్తం వస్తే చీర కొంగుకు తుడుచుకుని మళ్లీ కుట్టింది.

"నిన్ను ఆపుదామనే అనుకున్న. గామె ముఖం చూసినంక నోరు వస్తలేదు."

ఇక మూడుకు పోవడానికి లేదు. దాని వీపు లేదు.

మార్చి 18, మంగళవారం

వెంకన్న వచ్చాడు. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. లోపలికి రాలేదు.

"ఎడమ చెయ్యి ఉంది బావా."

నేను ఆ కట్టు వైపు చూశాను.

"తాడు నడుముకు కట్టుకుంట. ముడి కవితక్క ఏస్తది. ఇగ ఇడిసిపెట్టుడు నా చేతిలో ఉండదు."

బిడ్డ ఎట్లుంది అని అడిగాను. అమ్మమ్మ వాళ్ల ఊరికి పంపాడట. రాత్రిళ్లు నిద్రలో లేచి కూర్చుంటోందట.

రేపు ఏడు గంటలకు రమ్మన్నాను.

మార్చి 19, బుధవారం

ఎనిమిది మంది పోలీసులు. వెంకన్న నడుముకు తాడు, రాయికి ఆనుకుని కూర్చున్నాడు. ఎడమ చేత్తో నా బెల్టు బిగించాలని చూశాడు, కుదరలేదు. నేనే బిగించుకున్నాను.

నీళ్లలోకి దిగగానే చీలిక దగ్గర చల్లటి గీత. అతుకు కొంచెం కారుతోంది. పది మీటర్లు. చలి. అడుగు. సూట్ నలిగి ఒంటికి పల్చటి చర్మంలా అయింది, ఊపిరి కొంచెం సులువైంది. ఒక లాగు లాగాను. వెంటనే జవాబు. ఆ ఒక్క కుదుపుకు కళ్లలో నీళ్లు తిరిగాయి, మాస్కు లోపల.

పదకొండో నిమిషం. గోడ మూలలో చేతికి టార్పాలిన్ తగిలింది. ఇనుప తీగ. రాళ్లు. చుట్టూ తడిమాను. భుజం. ముఖం వైపు చెయ్యి పోనివ్వలేదు. తీగను కటింగ్ ప్లయర్‌తో కోశాను. నలిగిన వేళ్లకు పట్టు లేదు, రెండుచేతులతో నొక్కాల్సి వచ్చింది. ఒక్కో కోతకు పక్కటెముకల్లో ఒక్కో పోటు. నా నోట్లోంచి బూతులు బుడగలుగా పోయాయి. చంపినవాళ్లను, వాళ్ల తల్లులను, ఈ గుంతను, నన్ను. వెంట తెచ్చిన రెండో మోకు కట్టాను. దాన్ని మూడుసార్లు లాగాను.

శంకర్ పైకి పోయాడు. తర్వాత నన్ను లాగారు. అరుస్తూ వచ్చాను, ఊపిరి బిగబట్టకుండా ఉండటానికి అదే దారి.

ఒడ్డున నర్సమ్మ టార్పాలిన్ మీద చెయ్యి వేసి కూర్చుంది. విప్పమని అడగలేదు. వెంకన్న నడుము చుట్టూ తాడు కోసుకుపోయి చొక్కాకు రక్తం. నేను ఆ ముడి విప్పుతుంటే వాడు పక్కకు తిరిగి ఏడ్చాడు.

మార్చి 20, గురువారం

మిర్యాలగూడలో అంత్యక్రియలు. హమాలీలందరూ శవాన్ని మిల్లు గేటు ముందు దించారు. రాళ్లు, లాఠీలు. ఒక ముసలి హమాలీ తల పగిలి, రక్తం గడ్డం మీదుగా కారుతుంటే తుడుచుకోకుండా అక్కడే కూర్చున్నాడు. గేటుకు ఎవరో నిప్పు పెట్టారు. నేను దూరం నుంచి చూశాను. నా చేతికీ ఒక రాయి దొరికింది. విసిరాను. ఎవరికి తగిలిందో తెలియదు. తగలాలనే విసిరాను.

మార్చి 21, శుక్రవారం

రెండు రోజులుగా రాయనిది.

శంకర్‌కు మోకు కట్టి పైకి పంపాక, వాళ్లు నన్ను లాగేలోపు, పట్టు కోసం గోడ కింద చెయ్యి పెట్టాను. బియ్యం బస్తా గోనె తగిలింది. చిరిగి ఉంది. అందులోంచి పాదం. మాంసం లేదు, ఎముకలే. చిన్న పాదం. వేలికి రెండు మట్టెలు.

రాయి అనుకోవచ్చు. వేళ్లు మొద్దుబారాయి, ఏదో తగిలింది అనుకోవచ్చు. మూడు మిల్లీమీటర్ల సూట్‌లో ఉంటే అలాగే అనుకునేవాణ్ని. కానీ నలిగినా నా వేళ్లకు స్పర్శ బాగానే ఉంది. మట్టెల మీది చుక్కలు కూడా తెలిశాయి.

గుంతలోకి దిగకు అన్నది శంకర్ కోసం కాదు.

ఎవరికీ చెప్పలేదు. స్కూల్ బస్సు కళ్ల ముందు తిరుగుతోంది. మాకూ కొడుకున్నాడు, సూర్యాపేట హాస్టల్‌లో.

మార్చి 22, శనివారం

స్టేషన్‌కు పిలిచారు. కాగితాల మీద సంతకాలు. నాలుగో కాగితంలో చివరి వాక్యం: గుంత అడుగంతా వెతికాను, వేరే ఏ దేహమూ లేదు.

పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

సి.ఐ. సార్ తల ఎత్తాడు. "ఏంది సైదులూ? అన్నిట్ల ఉండేదే గది. పెట్టు."

వేళ్లు వాచాయి, రేపు పెడతాను అన్నాను. మిగతా మూడింటి మీద అవే వేళ్లతో ఇప్పుడే సంతకం చేశాను. ఆయన ఆ మూడు సంతకాలనూ చూశాడు, నన్ను చూశాడు. కాగితం సొరుగులో పెట్టాడు. ఆయన మంచివాడో కాదో ఇన్ని రోజులూ ఆలోచించలేదు.

బస్టాండ్ దాకా ఒక బైక్ వెనకాలే వచ్చింది. నంబరు ప్లేటు లేదు.

ఇంటికి వచ్చి కవితకు చెప్పాను. కూరగాయలు తరుగుతోంది. కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

"ఆడమనిషా?"

తలూపాను.

"ఆమె కోసం ఒడ్డున ఎవరన్న కూసున్నరా?"

ఎవరూ లేరు అన్నాను.

రేపు పదకొండింటికి స్టేషన్, ఆ నాలుగో కాగితం.